నడుము జారే లెగ్గింగ్, నాలుగో జతకి కుదిరిన కొలత

టీచరు గారు ఓ ఆదివారం పొద్దున్నే పెద్ద సంచీ పట్టుకొచ్చి మా వరండాలో కుమ్మరించారు. ఆరు లెగ్గింగులు. రెండింటికి లోపలి కుట్టు ఊడిపోయి ఉంది, ఒకదానికి తొడ దగ్గర చేతికుట్టు వేసి ఉంది, మిగతా మూడూ చూడ్డానికి బాగానే ఉన్నాయి కానీ ఆవిడ వేసుకోవడం మానేశారట. "చూడమ్మాయ్, ఒక్కటీ నడుము మీద నిలబడదు, బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి కిందకి దిగిపోతుంది, పిల్లల ముందు లాక్కోలేక చస్తున్నా, ఎలాస్టిక్ బిగించి పెట్టు" అన్నారు. బిగించడం పది నిమిషాల పని. కానీ తిరగేసి చూస్తే వాటిలో మూడింటికి అప్పటికే ఎవరో ఎలాస్టిక్ మార్చి ఉన్నారు, అవి కూడా జారుతున్నాయంటే బిగించి లాభం లేదని అర్థమైంది.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే కుట్టుపని నేర్పుతాను, 14 ఏళ్ళయింది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులే ఎక్కువ. లెగ్గింగ్ కుట్టడం నేర్పమని అడిగేవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఏ షాపులో చూసినా రంగురంగులవి దొరుకుతాయి, ఇంట్లో కుట్టుకునేంత గొప్ప విషయమా అనుకుంటారు. అయితే నడుము జారుతోందనే ఈ మాట మాత్రం నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో చాలామంది అంటారు, అందరూ ఎలాస్టిక్‌నే తిడతారు. అందుకే ఈ ఒక్క కేసు మొదట్నుంచీ చివరిదాకా, నేను చేసిన తప్పుతో సహా రాస్తున్నాను.

టీచరు గారికి 52 ఏళ్ళు. రోజంతా నిలబడతారు, మధ్యలో చిన్న క్లాసు పిల్లలతో కింద కూర్చుంటారు, స్కూటీ మీద తిరుగుతారు. నడుము 37 అంగుళాలు, సీటు, అంటే పిరుదుల చుట్టూ, 43, తొడ 26, మోకాలు 16.5, పిక్క 15, చీలమండ 9.5. నడుము నుంచి చీలమండ దాకా పక్కన పొడవు 37. ఈ కొలతలు ఏ టైలరైనా తీస్తాడు. లెగ్గింగ్‌కి తీయాల్సిన అసలు కొలత ఇంకొకటి ఉంది, సిగ్గుపడి చాలామంది వదిలేసేది. ముందు నడుము మధ్య నుంచి టేపు కాళ్ళ మధ్యగా తీసుకెళ్ళి వెనక నడుము మధ్య దాకా కొలవాలి. మేం దాన్ని ఆసనం కొలత అంటాం. టీచరు గారికి అది 30 వచ్చింది: ముందు 13.5, వెనక 16.5. తలుపేసి, టేపు ఆవిడ చేతికే ఇచ్చాను, అంకె మాత్రం నన్ను చదవమన్నారు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి వెనక వైపు మళ్ళీ కొలిస్తే అది 18.5 అయింది. అంటే కూర్చున్న ప్రతిసారీ వెనక భాగానికి 2 అంగుళాల గుడ్డ అదనంగా కావాలి.

ఇప్పుడు ఆ మూడు 'బాగున్న' లెగ్గింగుల్ని నేల మీద పరిచి అదే చోట కొలిచాం. పట్టీతో కలిపి ముందు 11.5, వెనక 12.5. మొత్తం 24. మనిషికి 30 కావాలి, గుడ్డ 24 ఉంది. ఆ 6 అంగుళాలూ ఎక్కణ్ణుంచి వస్తాయి? గుడ్డ సాగి ఇస్తుంది, కానీ సాగిన గుడ్డ ఊరుకోదు, తిరిగి ముడుచుకోవాలని రోజంతా లాగుతూనే ఉంటుంది, కింద కాళ్ళు దాన్ని పట్టుకుని ఉన్నాయి కాబట్టి వదులుగా ఉన్న ఒకే ఒక్క చివర, అంటే నడుము పట్టీ, కిందకి వస్తుంది. ఎలాస్టిక్ ఎంత బిగించినా పొట్ట మీద గీత పడుతుంది తప్ప జారడం ఆగదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే టీచరు గారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే షాపువాడు ఎక్స్‌ఎల్ అని ఇచ్చి డబుల్ ఎక్స్‌ఎల్ అని ఇచ్చి నా చుట్టుకొలత పెంచుకుంటూ పోయాడన్నమాట" అన్నారు. దాదాపు అంతే. పెద్ద సైజు కొంటే నడుము, కాళ్ళు వెడల్పవుతాయి, ఆసనం మాత్రం అరంగుళమో అంగుళమో పెరుగుతుంది.

ఆవిడ అంతకుముందే ఇంట్లో ఒక ప్రయత్నం చేశారు, దాన్ని మొదటి జత అనుకుందాం. పాత లెగ్గింగ్ కుట్లు విప్పి, పేపర్ మీద పెట్టి గీసి, చుట్టూ అంగుళం పెంచి కత్తిరించారు. అన్ని వైపులా అంగుళం పెంచితే కాలు బస్తాలా అయింది, ఆసనం మొత్తం మీద పెరిగింది రెండంగుళాలు. పైగా ఒక్కో కాలు విడివిడిగా, పేపర్ తిరగేయకుండా కత్తిరించడంతో రెండూ ఎడమ కాళ్ళే వచ్చాయి. దీనికి నవ్వకండి, కొత్తవాళ్ళు చేసే తప్పే ఇది, నా దగ్గర నేర్చుకునేవాళ్ళలోనూ చూశాను.

రెండో జత నా తప్పు. కొలతలన్నీ సరిగ్గా గీసి, మంచి గుడ్డ పాడుచేయడం ఎందుకని ట్రయల్ కోసం ఇంట్లో ఉన్న బనియన్ గుడ్డ ముక్క తీసుకున్నాను. ఆసనం బాగా కుదిరింది. తొడ మాత్రం ఎక్కలేదు, ఎక్కించాక టీచరు గారు కింద కూర్చోబోతే టప్ మని కుట్టు తెగింది. ఆ ముక్క మీద 4 అంగుళాలు గుర్తు పెట్టి స్కేలు పక్కన లాగితే 5 దగ్గర ఆగిపోయింది, అంటే పాతిక శాతమే సాగుతుంది. ఆ గుడ్డకి చొక్కాలు కుట్టుకోవచ్చు, లెగ్గింగ్ కుట్టకూడదు. కొలత మనిషికి తీసి గుడ్డకి తీయకపోతే ఇలాగే అవుతుందని విద్యార్థులకి ఏళ్ళ తరబడి చెప్పేదాన్ని నేనే, చేసిందీ నేనే.

ఆ తర్వాత ఇద్దరం వన్‌టౌన్ వెళ్ళాం. అక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతలో ఎక్కువగా హోల్‌సేల్ కొట్లు కాబట్టి తాను కొనేవాళ్ళకే లాభం, బయట సందుల్లో హోజరీ గుడ్డ, అంటే బనియన్‌లా అల్లిన సాగే గుడ్డ, కిలో లెక్కన చిల్లరగా ఇచ్చే కొట్టు ఒకటి పట్టుకున్నాం. అక్కడ 'కాటన్ లైక్రా' అని ఒకే పేరుతో నాలుగు తానులు ముందు పడేశారు. పేరు నమ్మొద్దు, చేతితో చూడండి. మొదట అడ్డంగా మడత పెట్టి 4 అంగుళాల దగ్గర పట్టుకుని లాగాం, మాకు నచ్చినది 6.5 దాకా వచ్చింది, వదిలితే మళ్ళీ 4కే చేరింది. సాగడం ఒక్కటే చాలదు, వెనక్కి రావాలి, రాని గుడ్డ వారంలో మోకాలి దగ్గర సంచీ అయిపోతుంది. తర్వాత పొడవు వైపు లాగి చూశాం, 4 అంగుళాలు 5.25 దాకా సాగింది. రెండు వైపులా సాగే దాన్నే ఫోర్ వే అంటారు, కింద కూర్చునే అలవాటున్న మనకి అదే కావాలి. చివరగా పిడికిలి మీద బిగించి లాగి వెలుతురులో చూడాలి, కణుపులు తెల్లగా కనిపిస్తే రేపు మన తొడా అలాగే కనిపిస్తుంది.

మందం సంగతి కొట్టులో అడిగితే 'సూపర్ క్వాలిటీ' అంటారు, అది జవాబు కాదు. 10 సెంటీమీటర్ల చదరం ముక్క కత్తిరించి తూచి, వచ్చిన గ్రాముల్ని 100తో గుణిస్తే జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో, వచ్చేస్తుంది. వంటింటి కాటాకి అంత చిన్న బరువు ఆనదు, అందుకని శాంపిల్ ముక్కలు పట్టుకుని దార్లో ఉన్న వెండి కొట్టుకి వెళ్ళాం, ఆయన మమ్మల్ని వింతగా చూసి ముక్కని చెవిదిద్దులు తూచినట్టు తూచిపెట్టాడు. ఒకటి 1.6 గ్రాములు, మేం మెచ్చింది 2.2. అంటే 220 జీఎస్ఎం. లెగ్గింగ్‌కి నేను 200కి తగ్గనివ్వను. విజయవాడ ఎండకి 220 బరువు కాదా అంటే, కాటన్ అయితే కాదు. టీచరు గారికి వేసవిలో తొడల దగ్గర ఒరుసుకుపోయి చెమటకాయలు వచ్చేవి, ఆ పాత లెగ్గింగ్ దారం ఒకటి అగ్గిపుల్లకి చూపిస్తే కరిగి నల్లటి గట్టి పూసలా అయింది, అంటే పాలిస్టర్. కొత్త గుడ్డ దారం కాగితం వాసనతో కాలి బూడిదయింది, చివర మాత్రం కాస్త జిగురుగా అంటుకుంది, అది లోపలున్న లైక్రా అనే సాగే దారం. సాధారణంగా 95 శాతం కాటన్, 5 శాతం లైక్రా ఉంటుంది, సాగిన గుడ్డని వెనక్కి తెచ్చే పని ఆ 5 శాతానిదే. డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే ఆయన 1958లో ఈ దారం కనిపెట్టకముందు లోదుస్తులకి రబ్బరు దారమే దిక్కు, వేడికీ చెమటకీ అది ఎలా ఉండేదో ఊహించుకోండి.

మూడో జతకి 60 అంగుళాల పన్నాలో, అంటే వెడల్పులో, 1.25 మీటర్లు తీసుకున్నాం, 420 గ్రాములు తూగింది, కిలో 540 చొప్పున 227 రూపాయలు. ఇంటికొచ్చి మామూలు నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేస్తే పొడవులో 49 అంగుళాల గుడ్డ 46 అయింది. ఈ పని కుట్టాక చేసుంటే ఆ 3 అంగుళాలూ కాలి పొడవులోంచీ ఆసనంలోంచీ పోయేవి.

పేపర్ మీద గీసే గీత విషయానికొస్తే, గుడ్డ 60 శాతం దాకా సాగుతుంది కాబట్టి చుట్టుకొలతలన్నీ దాదాపు పదో వంతు తగ్గించాను. సీటు 43 కాస్తా 39, అంటే ఒక్కో కాలికి 19.5, అందులో ముందుకి 9, వెనక్కి 10.5. తొడ 23.5, మోకాలు 15, పిక్క 14, చీలమండ 9. పక్క కుట్టు లేకుండా ఒక్కో కాలు ఒకే ముక్క. సీటుకీ తొడకీ మధ్య తేడా 4 అంగుళాలు కదా, ఆసనం దగ్గర పొడుచుకొచ్చే కొనల్ని అందులోంచే పంచాలి: ముందు 1.25, వెనక 2.75. ఈ రెండూ సమానంగా పెడితే ముందు గుడ్డ పోగుపడి వెనక లాగుతుంది. ఆసనాన్ని మాత్రం పదో వంతు తగ్గించలేదు, పొడవు వైపు సాగుడు తక్కువ కదా, 30లోంచి అంగుళం పావు తీసి 28.75 ఉంచాను, 3 అంగుళాల పట్టీతో కలిపి ముందు 12.75, వెనక 16.

వెనక అంత ఎత్తు ఎలా తెచ్చామంటే, పేపర్‌ని సీటు గీత దగ్గర వెనక మధ్య నుంచి పక్క గీత దాకా అడ్డంగా కత్తిరించి, పక్క గీత దగ్గర ఒక్క పోగంత అతుకు ఉంచి, వెనక మధ్య వైపు 2 అంగుళాలు విసనకర్రలా తెరిచి కింద ఇంకో కాగితం అంటించాం. పైన ఊరికే ఎత్తు పెంచితే నడుము దగ్గర గుడ్డ లేస్తుంది, సీటు దగ్గర తెరిస్తే ఎక్కడ కావాలో అక్కడే పెరుగుతుంది. మొత్తం పనిలో ఎక్కువ సేపు పట్టింది దీనికే, మూడుసార్లు చెరిపాను.

కత్తిరించే ముందు రాత్రంతా గుడ్డని నేల మీద పరిచి వదిలేశాం. తానులో చుట్టి బిగించిన గుడ్డ, తాడు మీద నీళ్ళ బరువుకి వేలాడిన గుడ్డ, సాగి ఉంటాయి, వెంటనే కత్తిరిస్తే పొద్దునకి ముక్క చిన్నదవుతుంది. బల్ల అంచు నుంచి వేలాడనివ్వకండి, బల్ల లేకపోతే నేల హాయి. ఈసారి పన్నాని సగానికి మడిచి కత్తిరించాం, కుడి ఎడమలు వాటంతటవే వచ్చేశాయి. గుండుసూదులు ఈ గుడ్డకి బొక్కలు పెడతాయి, ఆరేసుకునే క్లిప్పులు వాడాం.

ఇక మిషన్. టీచరు గారి దగ్గరున్నది వాళ్ళ అమ్మగారి నల్ల మిషన్, తిన్నని కుట్టు తప్ప జిగ్‌జాగ్ లేదు. దాంతో కుదరదు అంటారు చాలామంది, కుదురుతుంది. సూది ముందు మార్చాలి. అందులో జాకెట్లు కుట్టే 16 నంబర్ సూది ఉంది, అది పదునుగా ఉండి హోజరీ అల్లికలోని ఉచ్చుని తెంపేస్తుంది, మధ్యమధ్యలో కుట్టు వదిలేస్తుంది. 11 నంబర్ బాల్ పాయింట్ సూది మొన గుండ్రంగా ఉంటుంది, పోగుని పక్కకి తోసి వెళ్తుంది. దారం పాలిస్టర్‌దే, కాటన్ దారం పుటుక్కున తెగుతుంది. బాబిన్‌లో మాత్రం ఓవర్‌లాక్, అంటే గుడ్డ అంచుని చుట్టి కుట్టే పని, చేసేవాళ్ళు వాడే ఉబ్బుగా మెత్తగా ఉండే నైలాన్ దారం, మిషన్ మీద కాకుండా చేత్తో వదులుగా చుట్టింది. కుట్టు పొడవు చిన్నది చేశాం, అంగుళంలో కుట్లు పెరిగితే దారం ఎక్కువ పడుతుంది, సాగడానికి ఆ దారమే ఆసరా. కుట్టేటప్పుడు ఒక చెయ్యి సూది ముందు, ఒక చెయ్యి వెనక పెట్టి గుడ్డని కొద్దిగా లాగి పట్టుకోవాలి. ఎంత కొద్దిగా అంటే, కుట్టు అయ్యాక అది తిరిగి చదునుగా కూర్చోవాలి, నూడుల్స్‌లా వంకరపోతే ఎక్కువ లాగినట్టు. ముక్క మీద 4 అంగుళాలు కుట్టి 6 దాకా లాగి చూడమన్నాను. మొదటి రెండుసార్లు దారం తెగింది, మూడోసారి నిలిచింది. మిషన్ గుడ్డని కిందకి మింగేస్తుంటే పాత న్యూస్‌పేపర్ పట్టీ అడుగున పెట్టి కుట్టి తర్వాత చింపేయండి.

వరస ఇది: ఒక్కో కాలు లోపలి కుట్టు విడిగా, ఆపైన ఒక కాలిని తిరగేసి ఇంకో కాలిలో దూర్చి, ముందు నడుము నుంచి వెనక నడుము దాకా ఆసనం ఒకే కుట్టు, దాని పక్కన పావంగుళంలో మళ్ళీ ఒక కుట్టు. తర్వాత సందు చివర చీరలకి పీకో, ఫాల్ వేసే షాపుకి తీసుకెళ్తే మొత్తం అంచులకి ఓవర్‌లాక్ కొట్టి 30 రూపాయలు తీసుకున్నాడు. హోజరీ అంచు జాకెట్ గుడ్డలా పోగులు ఊడదు, ఓవర్‌లాక్ లేకపోయినా కొంప మునగదు, లోపల చర్మానికి నున్నగా ఉంటుందని వేయించాం.

నడుముకి అంగుళంన్నర వెడల్పు ఎలాస్టిక్. ఎంత పొడవు పెడదాం అంటే టీచరు గారు వెంటనే 30 అన్నారు, పాత భయం. 35 పెట్టాను, 37 నడుముకి రెండంగుళాలే తక్కువ. "జారితే నీదే పూచీ" అన్నారు. వేసుకుని, వంగి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మా అమ్మ ముందున్న చిక్కుడుకాయల పళ్ళెం లాక్కుని ఈనెలు తీస్తూ అరగంట కబుర్లు చెప్పారు. లేచి నిలబడితే పట్టీ బొడ్డు మీద ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. ఎలాస్టిక్ అదే షాపుది, ఇదివరకటికన్నా వదులు కూడా.

అన్నీ కుదిరాయని చెప్పను. ఆసనంలో నాలుగు కుట్లు కలిసే చోట గట్టి ముడిలా తయారై, స్కూటీ మీద ఎక్కువసేపు కూర్చుంటే గుచ్చుకుంటోందన్నారు. అందుకే నాలుగో జతలో ఆ చోట డైమండ్ ఆకారంలో చిన్న ముక్క, సల్వార్‌కి మియానీ వేస్తాం చూడండి అలాంటిదే, 5 అంగుళాల పొడవు, 2.5 వెడల్పుతో పెట్టాం. కుట్లు ఒకే బిందువులో కలవకుండా విడిపోయాయి, ఒరుసుకోవడమూ తగ్గింది. ఆ మూలలు తిప్పి కుట్టడం చిరాకు పని, మొదటి జతకే పెట్టుకోకండి, మొత్తం మానేస్తారు.

ఖర్చు: గుడ్డ 227, ఎలాస్టిక్ 20, ఓవర్‌లాక్ 30, దారాలు సూది కలిపి జతకి ఓ 15 వేసుకుంటే 292 రూపాయలు. షాపులో అంతకన్నా చవకవీ దొరుకుతాయి. డబ్బు ఆదా కోసం అయితే ఇంత తిప్పలు పడొద్దని ఎవరికైనా చెబుతాను, పాడయిన రెండు జతల గుడ్డ కూడా లెక్కలో వేస్తే మొదటి నెల నష్టమే.

మూడు నెలల తర్వాత రెండు జతల్నీ మళ్ళీ తెప్పించుకుని కొలిచాను. పొడవులో ఇంకో అరంగుళం తగ్గింది. ఒక జతకి వెనక వంపులో రెండంగుళాల మేర కుట్టు తెగింది, అక్కడ లాగి పట్టుకోకుండా కుట్టానని ఆవిడే ఒప్పుకున్నారు, పక్కన వేసిన రెండో కుట్టు కాపాడింది. మోకాలి దగ్గర ఒక జత కాస్త ఉబ్బింది. ఎలా ఉతుకుతున్నారని అడిగితే బయటపడింది, పనమ్మాయి దాన్ని తిరగేయకుండా మే నెల ఎండలో డాబా మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరేస్తోంది. లైక్రాకి వేడి పడదు, వేడినీళ్ళు, బ్లీచింగ్ నీళ్ళు, కాలే ఇస్త్రీపెట్టె, ఏదైనా ముందు దాన్నే చంపుతుంది, పైకి గుడ్డ బాగానే కనిపిస్తుంది. ఇప్పుడు నీడన ఆరేస్తున్నారు. చెమటకాయలు ఈ వేసవిలో రాలేదన్నారు, అది కాటన్ వల్లో, బిగువు తగ్గడం వల్లో రెండూ కలిసో, విడదీసి చెప్పలేను.

నడుము ఒక్కసారీ జారలేదు.

పోయిన వారం టీచరు గారు ఉత్సాహంగా అదే కొట్టులో, అదే పేరుతో అమ్మే నల్ల గుడ్డ కొనుక్కొచ్చారు, గుంటూరులో ఉన్న తోడికోడలికి ఒక జత, తనకి ఒక జత. పేపర్ అదే, కొలతలు అవే, కత్తెర పట్టుకుని కూర్చున్నారు. ఆగండి అని 4 అంగుళాలు లాగించాను. 5.25 దగ్గర ఆగింది. 30 శాతం గుడ్డకి పదో వంతు తగ్గించిన పేపర్ పనికిరాదు, ఇరవయ్యో వంతు తగ్గించి తనకి మళ్ళీ గీయాలి, తోడికోడలికి అసలు ఆసనం కొలతే తీయలేదు. ఫోన్ చేసి టేపు ఎలా పెట్టుకోవాలో చెబుతుంటే అవతల నుంచి నవ్వులు, ఫోన్ పెట్టేసింది. నల్ల గుడ్డ మా బీరువాలో ఉంది, కొలత ఇంకా రాలేదు.